రెండు వెనక లైట్లు

"సరిగ్గా చూశావా?" స్టీరింగు ముందు కూర్చున్న భర్త షెడ్డంతా వినపడేలా అరిచాడు.

"చూశాను. రెండూ వెలుగుతున్నాయి," అంది కారు వెనక నిలబడ్డ భార్య. వారం రోజులుగా ఇదే తంతు.

"మరి ఇక్కడ లైటు పోయిందని ఎర్రగుర్తు వస్తోందే? కళ్లున్నాయా నీకు?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మెకానిక్ ఆయన్ని దిగమని చెప్పి, వెనక బల్బులు రెండూ ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"పాత బండి కదా సార్, రెండు బల్బులకీ వెళ్లే కరెంటు పోల్చి చూస్తుంది. తేడా ఉంటే ఒకటి పోయిందనుకుంటుంది. ఈ రెంటిలో ఈ బల్బు వేరే రకం. ఎవరు మార్చారు?"

భర్త గొంతు తగ్గింది. "నేనే. పోయిన వారం."

"అమ్మగారు చెప్పిందే నిజం. అబద్ధమాడింది బండి."

ఒకే రకం జత బిగించాడు.

"వెనక్కెళ్లి చూడు," అంటూ భర్త తలుపు వైపు తిరిగేసరికి, ఆమె అప్పటికే డ్రైవరు సీట్లో ఉంది.

"ఈసారి మీరెళ్లండి."

మెకానిక్ చూస్తున్నాడు. వెళ్లక తప్పలేదు. ఆమె లైట్లు వేసింది. ఎర్రగుర్తు రాలేదు.

"రెండూ వెలుగుతున్నాయి!" అన్నాడు భర్త వెనక నుంచి.

ఆమె తల తిప్పలేదు.

"సరిగ్గా చూశారా?" అని షెడ్డంతా వినపడేలా అరిచింది.