ఆరు నోళ్ల బండి

షోరూమ్ కొట్టిన మొదటి దెబ్బకే డాక్టరు పన్నొకటి ఊడి, ఎత్తి ఉన్న బానెట్ కింద ఎక్కడో పడింది.

"నా కార్బొరేటర్లు ఎవడికి అమ్మావురా?" అన్నాడు షోరూమ్.

డాక్టరు నిజం డాక్టరు కాడు, షోరూమ్‌కి సొంత బామ్మర్ది. రోగిష్టి ఇంజన్లకు ప్రాణం పోస్తాడని స్నేహితులు పెట్టిన పేరది. బావకి షోరూమ్ అని పేరు పెట్టింది కూడా వాళ్లే. పాతకాలం జపాన్ రేసు కార్లు నాలుగు కొని షెడ్డులో నిలబెట్టి, చూపించడమే తప్ప తోలిన పాపాన పోలేదు మరి. ఐదోది ఈ స్కైలైన్. దీన్ని మాత్రం తోలాలని అతనికి ప్రాణం కొట్టుకుంటోంది. ఈ స్నేహితుల సంగతే అంత. కార్ల దగ్గరికి రానంతవరకూ మంచి మనుషులు. వచ్చారా, మనుషులే కారు.

ఈ బండికి, ఇంజన్లోకి గాలీ పెట్రోలూ కలిపి పంపే కార్బొరేటర్లు మూడు, వాటికి ఆరు నోళ్లు. ఆరూ ఒక్క మాట మీద నిలబడితేనే బండి పరుగు అందుకుంటుంది. ఇంట్లో ఉన్న రెండు నోళ్లనే ఒక మాట మీదికి తేలేకపోయినవాడు షోరూమ్. ఆరింటినీ తేగలిగినవాడు అతనికి తెలిసినంతలో డాక్టరొక్కడే. ఆ పని వచ్చిన మిగతా ముసలి మెకానిక్కులు ఒక్కొక్కరే పోయారు.

అలాంటి డాక్టరుకి షోరూమ్ ఇచ్చినవి నల్లగా, మాసిపోయి, యాభై ఏళ్ల మరకలతో ఉన్న అసలు సరుకు. ఇవాళ బండికి బిగించి ఉన్నవేమో పెళ్లికొడుకులా తళతళలాడుతున్నాయి. నకిలీవి పెట్టి అసలువి అమ్ముకున్నాడని చెప్పడానికి ఇంకేం కావాలి?

"కడిగాను బావా. సన్నటి పొడి కలిపిన నీళ్లు కొట్టి కడిగాను, అంతే."

"కడిగితే కొత్తవైపోతాయా? యాభై ఏళ్లుగా రోజూ మొహం కడుక్కుంటున్నాను, ఏదీ?" అంటూ షోరూమ్ అతని మెడ పట్టి కార్లెత్తే లిఫ్టు స్తంభానికేసి గుద్దాడు. నుదురు చిట్లింది. రక్తం కారింది. కారు మీద పడుతుందేమోనని షోరూమే అతన్ని రెండడుగులు పక్కకి లాగి, అక్కడ మళ్లీ గుద్దాడు.

డాక్టరు కూడా ఊరుకోలేదు. మోకాలితో బావ పొట్టలో ఒకటిచ్చి, చేతికందిన పానాతో భుజం మీద వేశాడు. ఎముక కలుక్కుమంది. ఆ నొప్పితో షోరూమ్‌కి ఉన్న కాస్త విచక్షణా ఊడింది. బామ్మర్దిని నేలకి పడదోసి, గుండెల మీద కూర్చున్నాడు. రెండు కళ్లూ వాచేలా గుద్దాడు. రెండు అరచేతులూ చాచి రెండు చెవుల మీదా ఒకేసారి పగిలేలా వాయించాడు. పీక నొక్కాడు. అంత కోపంలోనూ చేతుల జోలికి మాత్రం పోలేదు. స్క్రూలు తిప్పాల్సిన చేతులవి.

విడదీయడానికి వచ్చిన మూడో స్నేహితుడు మోచేతి పోటు తిని, ముక్కు పట్టుకుని వెనక్కి పడ్డాడు. కార్ల బంపర్లు తోమి మెరిపించడం అతని పిచ్చి. సొంత పొట్ట కూడా మనిషి కంటే ముందు వస్తుంది కాబట్టి బంపరు అంటారు. ఏ గొడవలోనైనా మొదటి దెబ్బ బంపరుకే కదా.

"చెప్పు, ఎవడికి అమ్మావు?"

డాక్టరు మాట్లాడలేదు. అంతదాకా ప్రతి దెబ్బకీ 'కడిగాను బావా' అన్నవాడు, ఇప్పుడు పెదవి విప్పలేదు.

"అక్కకి ఫోన్ చెయ్యనా? ఆవిడ ముందు చెబుతావా?"

ఊహూ. చూపు కూడా తిప్పలేదు. తప్పు చేసినవాడికే ఇంత మొండితనం ఉంటుందని షోరూమ్ తేల్చేసుకున్నాడు. లేచి డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. డాక్టరు ముడుచుకుపోయి దగ్గాడు. సిమెంటు నేల మీద ఎర్రటి తుంపర పడింది. షోరూమ్ పానా అందుకుని ఎత్తాడు.

"ఆపరా," అన్నాడు బంపరు.

అతను టార్చి పట్టుకుని ఇంజన్లోకి సగం దూరి ఉన్నాడు. మొదటి కార్బొరేటర్ అడుగున, చూపు ఆనని చోట, ఆకురాయితో గీసిన మూడు గాట్లున్నాయి. ఎవడూ మార్చకుండా షోరూమ్ తన చేత్తో తనే పెట్టుకున్న గుర్తులవి. పక్కదాని కిందా ఉన్నాయి. మూడో దాని కిందా ఉన్నాయి.

"నీవేరా ఇవి. వాడు నిజంగానే కడిగాడు."

షోరూమ్ చేతిలోంచి పానా జారింది. కాసేపటికి షోరూమ్ కూడా జారి, బామ్మర్ది పక్కన కూలబడ్డాడు. పొరపాటైపోయిందన్నాడు. కాళ్లు పట్టుకున్నాడు. పన్ను తనే పెట్టిస్తానన్నాడు, నాలుగు కార్లలో నచ్చింది తీసుకోమన్నాడు. డాక్టరు వాచిన కళ్లతో అతనివైపు మొహం పెట్టి ఊరికే ఉన్నాడు.

కోపం పోలేదు, న్యాయమే, అనుకున్నాడు షోరూమ్. మాటలతో పోయేది కాదని, డాక్టరు పని సంచిలోంచి రబ్బరు గొట్టం తీసి అతని చేతిలో పెట్టి, వేళ్లు ముడిచాడు. గొట్టం ఒక కొస కార్బొరేటర్ నోట్లో, ఇంకో కొస చెవిలో పెట్టుకుని, ఏ నోరు ఎంత గాలి పీలుస్తోందో పోల్చుకుంటూ స్క్రూలు సరిచేయడం డాక్టరు పద్ధతి.

డాక్టరు ఆ గొట్టాన్ని తడిమి చూసుకున్నాడు. పగిలిన పెదవి మీద చిన్న నవ్వు వచ్చింది. బంపరు సాయం పట్టి బండి ముందు స్టూలు మీద కూర్చోబెట్టాడు. షోరూమ్ కళ్లు తుడుచుకుని సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఆరు సిలిండర్లూ ఒక్కసారిగా గర్జించాయి. అరలో పానాలు గలగలలాడాయి. రేకు పైకప్పు అదిరింది. బంపరు రెండు చెవులూ మూసుకున్నాడు.

డాక్టరు గొట్టాన్ని కుడి చెవికి ఆనించుకుని కాసేపు ఆగాడు. ఎడమ చెవికి మార్చుకుని ఇంకాసేపు ఆగాడు. తర్వాత బానెట్ పక్కనుంచి తల వంచి, అలక తీరిన గొంతుతో అన్నాడు:

"ఇంకా ఏం ఆలోచిస్తున్నావు బావా, స్టార్ట్ చెయ్యి."