గోడకు ఇస్త్రీ

ఆ కాలానికి ఇళ్ల గోడలకు వేసే రంగే వెలుగునిచ్చేది. గదిలో జరిగిందంతా చూసి, కరెంటు పోయినా మరవకుండా దాచుకునేది. జనం భయపడి, ఆ జ్ఞాపకం చెరిగిపోతుందన్న నమ్మకంతో గుమ్మాలకు నిమ్మకాయల పక్కన అయస్కాంతాలు కట్టుకున్నారు. ఆ రంగును ప్రయోగశాలలో తయారుచేసిన వకుళమ్మ మాత్రం కట్టలేదు.

నిన్న ఆమె హాల్లో రేవు కార్మికులు సమ్మె గురించి మాట్లాడుకున్నారు. వాళ్ల పేర్ల కోసం ఇవాళ గోడలు చదివే అధికారి సాంబమూర్తి వచ్చాడు. అప్పటికే ఆమె స్టూలెక్కి గోడను ఇస్త్రీ చేస్తోంది.

“ఏంటి మేడమ్, గోడని పెళ్లికి పంపుతున్నారా?”

“అయస్కాంతానికి ఇది లొంగదు నాయనా. లొంగకుండా చేసింది నేనే. బాగా వేడి తగిలితే మాత్రం అంతా మరిచిపోతుంది.”

అతని నవ్వు ఆగిపోయింది. “ఆపండి! సాక్ష్యం చెరిపితే మూడేళ్లు జైలు.”

“తెలుసు. ఇంకా మూరెడే ఉంది, ఆగు.”

అతను ప్లగ్గు పీకేశాడు. ఇస్త్రీపెట్టె వెంటనే చల్లారదని అతనికి తట్టలేదు. ఆ మిగిలిన మూరెడూ రుద్ది, ఆమె నింపాదిగా స్టూలు దిగింది.

“నీకు కావలసిన పేర్లలో ఇక ఒక్కటే మిగిలింది. వకుళ. రాసుకో.”