గడప లేని షెడ్డు

సంచీలోని సామాన్లు బల్ల మీద కుమ్మరించి మరదలు పక్కకు జరిగింది. మేస్త్రి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఇవేంటో కాస్త చెప్పండి బావగారూ," అంది ఆమె. "ఎవరు పంపారో మాత్రం చెప్పొద్దన్నారు."

"చెప్పనక్కర్లేదు. దర్జీ చెయ్యి పడ్డ ఇనుము నాకు దూరం నుంచే తెలుస్తుంది."

ఆ దర్జీ సాక్షాత్తూ మేస్త్రి తోడబుట్టిన తమ్ముడు, ఈ మరదలి మొగుడు. తండ్రి పోయాక కార్లు బాగుచేసే వర్క్‌షాపు మేస్త్రి వాటాకు, ఇల్లు తమ్ముడి వాటాకు వచ్చాయి. అంతవరకూ పేచీ లేదు. చిక్కంతా తండ్రి ప్రాణంలా చూసుకున్న పాతకాలపు కారు దగ్గర వచ్చింది. ఇంటి షెడ్డులో ఉంది కాబట్టి ఇంటితోపాటే అన్నాడు తమ్ముడు. సూదీ దారం పట్టుకునేవాడికి కారెందుకన్నాడు అన్న. మాటా మాటా పెరిగింది. నీ గడప తొక్కితే ఒట్టు అని లేచి వచ్చేసిన మేస్త్రి మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. ఆడవాళ్ళు ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు గానీ, మేస్త్రి ఎదుట కారు ఊసెత్తే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఇన్నాళ్ళకు ఆ ఊసు మరదలి సంచీలో వచ్చింది. కారును బాగుచేద్దామని తమ్ముడు ఇంజను మొత్తం విప్పేశాడట. ఇప్పుడు ఏది ఏమిటో, ఎక్కడ పెట్టాలో పాలుపోవడం లేదట. నెలాఖరులోగా లేచి నిలబడితే సరే, లేకపోతే పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తానని మాటిచ్చేశాడట. ఆ చివరి మాటకు మేస్త్రి బల్ల మీది ఇనుమంతా తన వైపుకు లాక్కున్నాడు. ఆపైన ఏమీ పట్టనట్టు మీసం దువ్వుకున్నాడు.

అప్పటి నుంచి మరదలు రెండు రోజులకోసారి సంచీతో దిగేది. మేస్త్రి ఒక్కొక్కటీ పైకెత్తి, దాని పేరూ, పనీ, ఇంజన్లో అది కూర్చునే చోటూ పాఠంలా అప్పజెప్పేవాడు. తమ్ముడు కప్పకాలు అన్నది రాకర్. చెవిపోగు అన్నది వాల్వు స్ప్రింగుకు పట్టే వాషరు. మరదలు ఆ పేర్లను గుడ్డముక్కల మీద దర్జీ సుద్దతో రాసి ఆయా సామాన్లకు కట్టేది. కళ్ళు మూసుకుని కూడా చెబుతానని మేస్త్రి పెళ్ళాం దగ్గర గొప్పలు పోయాడు. నిజంగానే కళ్ళు మూసుకుని చెప్పాడు కూడా.

ఒక్కటే అతనికి కొరుకుడు పడలేదు. ఇన్నేళ్ళు మూల పడి ఉన్న బండికి తుప్పన్నదే లేదు. కాసేపు వేలితో రుద్ది చూసి, నాన్న ఎంచుకున్న బండి మరి, ఆషామాషీ ఇనుమా అని తనే తేల్చేశాడు.

ఒకరోజు సంచీలోంచి బారెడు లేకపోయినా జానెడు దాటిన సన్నని కడ్డీలు గలగలమంటూ జారాయి. మేస్త్రి చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"వీటిల్లో ఏది ఏ చోటిదో గుర్తు పెట్టాడా?"

"లేదు బావగారూ. అన్నీ ఒకేలా ఉన్నాయి కదా అని కలిపేశారు."

"ఒకేలా ఉన్నాయా? ఒక్కొక్కటీ తన చోట ఏళ్ళ తరబడి కాపురం చేసింది. దాని ఎదురుది అరిగితే ఇదీ అరిగి సర్దుకుంది. మార్చి పెడితే రోజంతా టకటకా కొట్టుకు చస్తాయి." మేస్త్రి లేచి అటూ ఇటూ తిరిగాడు. "ఇది చెప్తే తెమిలేది కాదు. ఇంజను ముందు నిలబడి నేనే తేల్చాలి."

"మరి ఒట్టు?"

మేస్త్రి నడక ఆపి టీ గ్లాసు అందుకున్నాడు.

"గడప తొక్కనని కదా అన్నారు," అంది మరదలు కడ్డీలు ఏరుతూ. "షెడ్డుకు వెనక సందులోంచి గేటుంది. దానికి గడప లేదు."

"నేనూ అదే అనబోతున్నాను," అన్నాడు మేస్త్రి.

షెడ్డులో అన్నదమ్ములిద్దరూ ఒకే బానెట్ కింద తలలు దూర్చి కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ దర్జీగారిని దీపం కాస్త ఎత్తి పట్టుకోమను అని మేస్త్రి మరదలికి చెప్పేవాడు. ఎత్తే ఉందని చెప్పు అని తమ్ముడూ ఆవిడకే చెప్పేవాడు. మధ్యలో ఆమెకు నవ్వాగక, మంచినీళ్ళు తెస్తానని లోపలికి పోయింది.

కడ్డీలు ఒక్కొక్కటే తమ చోట్లకు చేరాయి. చివరి నట్టు మొరాయించింది. బలమంతా పెట్టి తిప్పుతున్న మేస్త్రి చెయ్యి వెనక్కి చాచాడు.

"ఒరే, చిన్న పానా ఇటివ్వరా."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. పానా అప్పటికే అరచేతిలో ఉంది. ఇద్దరూ ఇంజను వైపే చూస్తూ ఉండిపోయారు.

తాళం తిప్పగానే కారు ఒక్కసారి దగ్గి, ఆ వెంటనే కుట్టుమిషనులా సాఫీగా అందుకుంది. స్టీరింగు ముందు కూర్చున్న మేస్త్రి కళ్ళు తుడుచుకుని, పొగ పడిందన్నాడు. నేను రాకపోతే ఈపాటికి దీన్ని తూకం వేసేవాళ్ళు అన్నాడు. తమ్ముడు బుద్ధిగా తలూపాడు.

"రేపు కూడా రా అన్నయ్యా. బ్రేకులు కూడా విప్పేశాను."

"నీ చేతులు కట్టెయ్యాలిరా ముందు," అన్నాడు మేస్త్రి, గొప్ప సంతోషంగా.

ఇంజను చప్పుడు విని పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది.

"పోయిన నెల దాకా బాగానే తిరిగిందిగా, ఏమైంది బండికి?"