పలక ఎవరి తలుపుకుంటే

లోథార్ తలుపు తియ్యలేదు. తలుపు మీద దెబ్బలు ఆగలేదు.

"ఏమయ్యా, చచ్చావా?" బయట ఐజెలె గారు. పైవాటా ముసలావిడ.

"చావలేదు!"

"అయితే లేచి మెట్లు ఊడువు. చచ్చుంటే చెప్పు, పలక పక్కవాటాకి తగిలిస్తా."

"ఊడుపు వారం" అని రాసిన చెక్క పలక అది. ఎవరి తలుపు పిడికి వేలాడితే ఆ వారం మెట్లు వాళ్ళవి. ఊడ్చి, కడిగి, పక్కవాళ్ళ తలుపుకి మార్చాలి. మా స్టుట్‌గార్ట్‌లో దేవుడు లేడన్నా ఊరుకుంటారు. పలకకి మాత్రం ఎవడూ ఎదురు చెప్పడు.

లోథార్ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఇరవయ్యేళ్ళు గేరు చక్రాలు కోసిన చేతులవి. పోయిన ఆకురాలు కాలంలో ఫ్యాక్టరీ మూసేశారు. ఒక మధ్యాహ్నం పిలిచి, పూలగుత్తి చేతిలో పెట్టి, ఇంటికి పొమ్మన్నారు. మిషన్లకైతే నూనె రాసి గుడ్డ కప్పారు. మనుషులకి పూలు చాలనుకున్నారు.

ఉపాధి ఆఫీసు వాళ్ళు ఉత్సాహం తెప్పించే క్లాసుకి పంపారు. టై కట్టినాయన ఒకడు రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకుని నవ్వమన్నాడు. లోథార్ ఇంటికొచ్చి అద్దాన్ని గోడవైపు తిప్పి పడుకున్నాడు.

ఇక లేవలేదు. టపా విప్పలేదు. వాటాల వాళ్ళ సమావేశానికి దిగలేదు. మిట్టమధ్యాహ్నం దాకా మంచమే. ఇలాగే పోతే మళ్ళీ మనిషిని కానని అతనికి తెలుసు. తెలిసి కూడా కాళ్ళు కదలవు. అదే కడుపుమంట.

దెబ్బలు ఆగలేదు. చివరికి ఆ మోత భరించలేక లేచాడు.

మెట్ల నిండా తడి కాఫీ పిప్పి. ఏ దరిద్రుడు పోశాడో! తిట్టుకుంటూ ఊడ్చాడు. ఐజెలె గారు పైమెట్టు మీద నిలబడి చూశారు.

"మూలలు ఎవరు ఊడుస్తారు? మీ ఫ్యాక్టరీ ఓనరొస్తాడా?"

"మీరే దిగొచ్చి ఊడవచ్చుగా!"

"పలక నా తలుపుకుందా, నీ తలుపుకుందా?"

లోథార్ విసురుగా చీపురు తిప్పాడు. మూలలు ఊడ్చాడు.

మరుసటి శనివారం పలక మళ్ళీ అతని తలుపుకే. ఈసారి మెట్ల మీద పూలకుండీ మట్టి. లోథార్ పలక పట్టుకుని పైకి ఉరికాడు.

"నా వంతు పోయిన వారమే అయిపోయింది!"

"అదా వంతు? పిల్లి ముఖం కడుక్కున్నట్టు నీళ్ళు చిలకరించి పోయావ్. మళ్ళీ చెయ్యి."

"ఇది అన్యాయం."

"అన్యాయం మీద కోపమొచ్చిందా? మంచిది. చీపురు గట్టిగా పట్టుకో."

తలుపు ధడాలున మూసేశారు. లోథార్ పలకతోనే కిందికి దిగాడు. కింద వాటా వెంత్సెల్‌ని నిలదీశాడు.

"నువ్వు చెప్పు. ప్రతివారం నాకే ఎందుకు?"

వెంత్సెల్ మీసం కింద నవ్వు దాచుకున్నాడు. "పలక ఎక్కడుంటే వంతు అక్కడే కదా, లోథార్."

సరే! ఆ ముసల్దానికి వేలు పెట్టి చూపించడానికి మరక దొరక్కూడదు. అంతే పట్టుదల. మంచి చీపురు కొన్నాడు. రెయిలింగు తుడిచాడు. కిటికీ అద్దాలు తోమాడు. చేస్తున్నంతసేపూ తిట్లే. ఆమెని, ఓనర్ని, టై కట్టినవాణ్ణి, తనని.

"గడప దాటేటప్పుడు నీ తలుపు మూలుగుతోందయ్యా," అన్నారు ఐజెలె గారు ఒక శనివారం. "నీకు తగిన తలుపే."

ఆ మాట కొరడాలా తగిలింది. నూనె కోసం వీధి చివరి సైకిల్ షాపుకి వెళ్ళాడు. అక్కడ షాపావిడ ఉర్జులా ఒక గేరుతో కుస్తీ పడుతోంది. చైను ఎక్కడం లేదు. లోథార్ కాసేపు చూశాడు. ఇంక ఉండలేకపోయాడు.

"అలా విరగ్గొడతారా! ఇటివ్వండి."

"నీకు తెలుసా?"

"గేర్లు నాకు తెలియకపోతే ఇంకెవడికి తెలుస్తాయి?"

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని తనకే నమ్మకం కలగలేదు. వేళ్ళకి నల్లటి గ్రీజు అంటింది. ఎంత కాలమైందో! పళ్ళు చక్రంలో కూర్చున్న చప్పుడు వినగానే, మళ్ళీ వినాలని పెడలు ఇంకోసారి తిప్పాడు.

"సోమవారం రాగలవా? పొద్దున్నే?" అంది ఉర్జులా. "ఊరికే కాదు. ఉద్యోగానికి."

ఆ ఆదివారం లోథార్ గడ్డం గీసుకున్నాడు. అద్దాన్ని ఇటు తిప్పక తప్పలేదు. నవ్వలేదు. నేరుగా పైవాటాకి వెళ్ళి తలుపు బాదాడు.

"వినండి! నాకు పని దొరికింది. ఇక నన్ను వేధించడం మీ తరం కాదు."

ఐజెలె గారు గోడ పట్టుకుని నిలబడ్డారు. అతన్ని కిందనుంచి మీదికి చూశారు.

"పని ఉన్నవాడికి శనివారం రాదా?" అన్నారు. తలుపు మూసేశారు.

"రాక్షసి!" అని అరిచాడు లోథార్ మూసిన తలుపు మీద.

సోమవారం. ఎన్నో నెలల తర్వాత తెల్లారకుండానే లేచాడు. రొట్టె సంచిలో వేసుకుని దిగుతుంటే, రెండో మలుపులో నీలం కోటు వేసుకున్న ఒకామె బకెట్ పెట్టి మెట్లు కడుగుతోంది. లోథార్‌కి నెత్తురు పొంగింది. తను మొన్ననే తళతళలాడించిన మెట్లు!

"ఎవరమ్మా నువ్వు? ఎవరు చెయ్యమన్నారు? పలక నా తలుపుకుంది, ఈ వారం వంతు నాది!"

ఆమె తుడుపుగుడ్డ పిండుతూ వింతగా చూసింది.

"వంతులెక్కడివండీ, మోకాళ్ళు పోయాయి ఇక మెట్లు ఊడవలేనని పైవాటా ఐజెలె గారే పట్టుబట్టి, క్రిస్మస్ ముందే ఈ ఇంట్లో వంతులు ఎత్తించేసి ప్రతి సోమవారం కడగడానికి మమ్మల్ని పెట్టించారు కదా!"