ఇవాళ సూదులు లేవు

ఆక్యుపంక్చర్ డాక్టరమ్మ కొత్త సూదుల ప్యాకెట్ చింపబోతుంటే, బల్ల మీద పడుకున్న రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. మోకాలి నొప్పికి వైద్యం చేయిద్దామని మూడు నెలలు బతిమాలి, కూతురు ఆయన్ని ఇక్కడికి తీసుకొచ్చింది.

“మాత్రలేమైనా వాడుతున్నారా మాస్టారూ?”

“ఏమీ లేవండీ.”

“అదేంటి నాన్నా? బీపీ మాత్ర వేసుకుంటావుగా,” అంది కూతురు.

“మానేసి పది రోజులైంది. ఎటూ సూదులు వేయించుకుంటున్నాను, ఇంకా మాత్రలెందుకని.”

డాక్టరమ్మ ప్యాకెట్ పక్కన పెట్టి బీపీ చూసింది. పైది నూట ఎనభై దాటింది.

“నెమ్మదిగా లేవండి మాస్టారూ. ఇవాళ సూదులు లేవు.”

“పొద్దున్నుంచి గుండె చిక్కబట్టుకుని వచ్చానమ్మా,” అన్నారాయన ఉక్రోషంగా.

“సూదులతో మోకాలి నొప్పి కాస్త తగ్గొచ్చు. బీపీ మాత్ర చేసే పని అవి చేయవు. ఇప్పుడే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆయన సరేనన్నాకే ఇక్కడికి రండి.” ఆవిడ అక్కడికక్కడే ఆ డాక్టరుకి ఫోన్ చేసి, మాస్టారు వస్తున్నారని చెప్పింది కూడా.

మెట్లు దిగుతూ కూతురు బిక్కమొహం పెట్టింది. “రమ్మని పోరింది నేనే. మాత్రల సంగతి మాత్రం అడగనే లేదు. ఇక ఇటు రావద్దులే నాన్నా.”

“భలేదానివే, వస్తాను,” అన్నారు మాస్టారు ఆమె భుజం పట్టుకుని. “పడుకున్నవాణ్ణి లేపి మరీ పంపించేసింది చూడు. ఆవిడ సూది గుచ్చితే నాకు భయం లేదు.”