మైకు ముందు నా వంతు

ప్రభువా, నిన్న తెల్లారి ప్రార్థనలో మా సంఘపెద్ద ఒక్‌బున్ అమ్మగారు ఇదే మైకులో నా గురించి నీకు చెప్పిందాంట్లో సగం అబద్ధం. ఇవాళ నా వంతు కాబట్టి చెప్తున్నా.

"మన్‌సిక్ బడి మానేసి బండి మీద ఇంటింటికీ కోడి వేపుళ్ళు మోస్తున్నాడు, వాడికి బుద్ధివ్వు తండ్రీ" అంది. ఆ సంగతి నీకు తెలీదా? వెనక బెంచీల వాళ్ళకే తెలీదు. నిన్న తెలిసింది, ఆమెన్ కూడా అన్నారు.

"ప్రార్థనలో కునుకు తీస్తాడు" అంది. అది అబద్ధం, కళ్ళు మూసుకుని వింటా. మరి అప్పుడు ఆవిడ కళ్ళెందుకు తెరిచుందో నువ్వే అడుగు.

నాకోసం మూడ్రోజులు ఉపవాసం ఉన్నానంది. అది మాత్రం నిజమే. కాకపోతే నోటికి తిండి మానిపించింది గానీ పని మానిపించలేదు. మా మోక్‌పో చేపల బజారంతా తిరిగి నా సంగతి చెప్పుకొచ్చింది.

దగ్గకండి అమ్మగారూ, నేను మాట్లాడేది దేవుడితో.

ఒక్క సాయం చెయ్యి ప్రభువా. నేను బడి మానేసినప్పట్నుంచీ ఇంట్లో ఈవిడ నాతో మాట్లాడదు. అన్నం గిన్నె నా ముందు పెట్టి గోడకేసి చూస్తది. కన్నకొడుకుతో ఏం చెప్పాలన్నా ఇక్కడికొచ్చి నీకే చెప్తది. అది వినడానికే నేను రోజూ లేచొస్తున్నా.

ఉల్సాన్‌లో ఓడలు కట్టేచోట నాకు పని దొరికింది. బట్టలు సర్దుకున్నా. ఆవిడకింకా తెలీదు. నువ్వే చెప్పు.

కళ్ళు తెరవకమ్మా. బస్సుకి టైమైంది, పోవాలి. ఆమెన్.