ఆమె మళ్ళీ మళ్ళీ చదివిన నవల

“ఇది మా ఆవిడ తీసుకున్న పుస్తకం. గడువు దాటిపోయింది,” అంటూ అతను నవలను బల్లమీద పెట్టాడు.

లైబ్రేరియన్ అట్ట చూడగానే గుర్తుపట్టింది. “మళ్ళీ ఇదేనా! ఆవిడ పట్టుకెళ్ళీ పట్టుకెళ్ళీ దీని కుట్లు కూడా ఊడొచ్చాయి. మీరే ఒకటి కొనిపెట్టకూడదూ? అవునూ, ఈమధ్య కనబడ్డం లేదేం?”

“పోయింది.”

ఆమె చేతిలోని రబ్బరు ముద్ర గాల్లోనే ఆగిపోయింది. “అయ్యో... ఎప్పుడండీ?”

“మూడు వారాలు కావస్తోంది.”

“ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉందనుకున్నాను. పొద్దున నేను లేచేసరికే...”

ఇంకేదో చెప్పబోయాడు. అప్పటికే ఆమె కళ్ళద్దాలు తీసి కళ్ళు ఒత్తుకుంటోంది. ఆ అద్దాలు అతని కళ్ళజోళ్ళ షాపులో చేసినవే. ఎడమవైపు కాడ వదులైందని గమనించాడు. అంతకుమించి ఏమీ అనిపించలేదు. ఈ మూడు వారాలుగా అతనికి అంతే. కంటికి అన్నీ కనబడుతున్నాయి, లోపలికి ఏదీ దిగడం లేదు.

“ఇందులో ఏముంది?” అని అడిగాడు.

“మీరు చదవలేదా?”

“రోజంతా షాపుకొచ్చినవాళ్ళచేత అక్షరాలు చదివించడమే నా పని. ఇంటికెళ్ళి ఇంకేం చదువుతాను?”

లైబ్రేరియన్ పుస్తకాన్ని మళ్ళీ అతని వైపు జరిపింది. “అయితే మీరే పట్టుకెళ్ళండి. ఆదివారం సాయంత్రం మా పాఠకులందరం ఇక్కడే కలుస్తాం. ఇష్టమైన పుస్తకాల గురించి చెప్పుకుంటాం. ఈసారి ఆవిడ జ్ఞాపకంగా దీని గురించే మాట్లాడుకుందాం. మీరు తప్పకుండా రావాలి.”

అతను పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క వచ్చి ఉంది. సింకులో పేరుకుపోయిన గిన్నెలు కడుగుతోంది.

“ఎన్నాళ్ళురా ఇలా గోడకేసి చూస్తూ కూర్చుంటావు? మనిషి ఎదురుగా ఉన్నప్పుడు పట్టించుకోవాలి. పోయాక తలుచుకుంటే ఏం లాభం?”

“నేనేం తలుచుకోవడం లేదే.”

“అదే నా భయం. ఒక్కసారైనా ఏడువురా తమ్ముడూ.”

“రావడం లేదక్కా.”

అక్క నిట్టూర్చి, అలమరాలో ఒకప్పుడు ఆమె చీరలుండి ఇప్పుడు ఖాళీగా ఉన్న అరలో అతని చొక్కాలు సర్దిపెట్టి వెళ్ళిపోయింది.

అతను నవల తెరిచాడు. రైళ్ళు పెద్దగా ఆగని ఒక చిన్న స్టేషను. అక్కడ క్యాంటీను నడిపే ఒక ఆవిడ. ఎవరో దిగుతారు, తింటారు, ఎక్కి పోతారు. సగం పుస్తకం అయినా కథ అడుగు ముందుకు వెయ్యలేదు. ఆవలింతలు వస్తున్నా పేజీలు తిప్పాడు. ఒకచోట మూల మడిచి, విప్పి, మళ్ళీ మడిచిన గీతలు కనబడ్డాయి. ఆ పేజీలో ఒక ముసలి ప్రయాణికుడు చేతులు కడుక్కుంటూ ఆవిడని అడుగుతాడు, “ఇంతమందికి పెడుతున్నావు కదా, నువ్వు తిన్నావా అమ్మా?” ఆవిడ గబగబా లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడిపోతుంది. అంతే.

అతను ఆ పేజీ ఇంకోసారి చదివాడు. తను ఆ మాట ఎప్పుడైనా అడిగాడా అని ఆలోచించాడు. గుర్తొచ్చిన మాటలన్నీ వేరే. “ఉప్పు తగ్గింది.” “నా తువ్వాలేది?” “ఇక ఆ లైటు ఆర్పు.” ఆమె పడుకునే ముందు చదువుకునేది కాబట్టి ఆ చివరి మాట రోజూ అనేవాడు.

ఆదివారం లైబ్రరీలో కుర్చీలు గుండ్రంగా వేశారు. ముందు ఒక నర్సు మాట్లాడింది.

“డ్యూటీ దిగాక నా బుర్ర పనిచెయ్యదు. ఇది ఏ పేజీ తెరిచినా పరవాలేదు. ఎక్కడ వదిలేస్తే అక్కడే మనకోసం కూర్చుని ఉంటుంది. ఆవిడే నా చేతిలో పెట్టింది, ‘కొంపలేం మునిగిపోవు, మెల్లిగా చదువుకో’ అంటూ.”

రిటైరైన మాస్టారు గొంతు సవరించుకున్నారు. “నాకైతే మొదట్లో చిరాకేసింది. హత్యా లేదు, పెళ్ళీ లేదు. ఆవిడతో అదే అన్నాను. ‘మాస్టారూ, మన ఇళ్ళల్లో మాత్రం ఏం జరుగుతోందండీ? అయినా ఉంటున్నాం కదా, అది ఎవరో ఒకరు రాయాలిగా’ అని ఒకటే నవ్వు. అప్పుడు మళ్ళీ మొదటినుంచీ చదివాను.”

“నవ్వేదా?” అన్నాడు అతను.

అందరూ అతని వైపు తిరిగారు. “ఆవిడ నవ్విందంటే పక్కగదిలో పేపరు చదివేవాళ్ళు కూడా తొంగిచూసేవాళ్ళు,” అన్నారు మాస్టారు మెల్లిగా.

అతను లేచి నిలబడ్డాడు. పిలవకుండానే లేచినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది.

“ఆవిడకి ఇదెందుకు ఇష్టమో నాకు తెలిసింది. ఇందులో ఒకాయన, నువ్వు తిన్నావా అని అడుగుతాడు. నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే...”

గొంతు పూడుకుపోయిందనుకున్నారందరూ. గొంతు బాగానే ఉంది. మాటే దొరకలేదు. నర్సు ముక్కు తుడుచుకుంది. లైబ్రేరియన్ మాస్టారికి సైగ చేసింది.

“లేవండి,” అన్నారాయన. “ఆవిడ కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం.”

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. అతనొక్కడే మూసుకోలేదు. అందుకే తలుపు తెరుచుకోవడం అతనొక్కడే చూశాడు. భుజాన సంచితో ఒకావిడ ఆయాసపడుతూ వచ్చింది. అందరూ నిలబడి ఉండడం చూసి, చప్పుడు కాకుండా నడిచి, నర్సు వెనక నిలబడింది. మూడు వారాల్లో మొదటిసారి అతనికి ఒళ్ళంతా చెమట పట్టింది.

“ఎవరు పోయారు?” అని నర్సు చెవిలో గుసగుసగా అడిగింది అతని భార్య.